ఏ మర్యాద? తెలుగుదా, మరాఠీదా?

వినడం నా ఉద్యోగం, మాట్లాడటం నా స్వభావం. రిటైరయ్యేదాకా ఈ రెండూ నా లోపల కొట్లాడుకుంటూనే ఉన్నాయి. ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది కాబట్టి స్వభావానికి అడ్డు లేదు. కొత్తగా కౌన్సెలింగ్‌లోకి వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి అని అడుగుతుంటారు. కేసులు నేను చెప్పను. ఒక వాక్యం సంగతి చెప్తాను. ఆ వాక్యం ఉన్నదున్నట్టు చట్టమైతే మాలో ఒక పిల్లకు ఉద్యోగం పోయేది, ఆ పిల్లను నమ్ముకున్న ఒక ఆడమనిషికి నోరు విప్పే చోటే పోయేది. దాన్ని మార్పించడానికి మేం ముగ్గురం నాగ్‌పూర్ పోయాం. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కుదురుగా కూర్చోబుద్ధి కాదు. రాస్తూ రాస్తూ లేచి ఇల్లంతా తిరిగి మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను, అలా రాసిందే ఇది.

మాది మంచిర్యాల వైపు. పెళ్లయ్యాక మా ఆయన బొగ్గు గని ఉద్యోగం నన్ను మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌కు తెచ్చింది. చదువుకున్నది తెలుగులో. మరాఠీ మాత్రం కూరగాయల అంగట్లో బేరం చేస్తూ నేర్చుకున్నాను, అందుకే నా మరాఠీలో ఇప్పటికీ కొంచెం బేరం వినిపిస్తుంది. మరాఠీలో మా ఉద్యోగానికి 'సముపదేశక్' అని పెద్ద పేరుంది. గని కాలనీల్లో మన తెలుగువాళ్లు ఆ పేరును నోరు తిరగక వదిలేసి 'సమ్జాయించే మేడం' అని పెట్టుకున్నారు. ఆ పేరుతోనే నాకు చిక్కంతా.

"మేడం, మా కోడలికి జర సమ్జాయించున్రి."

"ఏమని సమ్జాయించాలె పెద్దమ్మా?"

"ఏముంది, నేను చెప్పినట్టు ఇనుమని!"

మా పని ఒకరి తరఫున ఇంకొకరికి నచ్చజెప్పడం కాదని, వచ్చిన మనిషి మాట వినడమని, విన్నది బయటికి పోనివ్వకపోవడమని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. మందు లేదు, సూది లేదు, మిషన్ లేదు. మా దగ్గర ఉన్నదల్లా ఆ ఒక్క నమ్మకమే. అది పోతే మా గదిలో రెండు కుర్చీలు తప్ప ఏమీ మిగలదు.

చంద్రపూర్ జిల్లాలో దవాఖానల్లో, బడుల్లో, ట్రస్టుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే కౌన్సెలర్లందరం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. బల్లార్‌పూర్ శాఖలో దాదాపు అందరం తెలుగువాళ్లమే. మా అధ్యక్షుడిని మేం మైకు సారు అనేవాళ్లం. గని సంక్షేమ విభాగంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. బంగారంలాంటి మనసు, కానీ గదిలో అరడజను మంది ఉన్నా ఆయనకు మైకు కావాలి. నేను కార్యదర్శిని. కార్యదర్శి అంటే కుర్చీలు వేయించడం, చాయ్ చెప్పడం, మైకు సారును ఆపడం. చివరిది నా చేత ఎన్నడూ కాలేదు.

ఇక మూడో మనిషి, ఈ కథకు అసలు మనిషి, మా రాజురా చెల్లె. రాజురా దగ్గర సరిహద్దు పల్లెలో పత్తి పండించే తెలుగు రైతుల ఇంటి పిల్ల. చదువంతా మరాఠీలో. తెలుగు చదవడం రాదు కానీ తెలుగులో తిట్టమంటే నాకంటే బాగా తిడుతుంది. మామూలుగా మాత్రం పది మాటలు అనాల్సిన చోట ఒకటి అంటుంది. నాకు ఆ పిల్లంటే అసూయ, ముద్దు రెండూ ఉండేవి.

ఆ పిల్ల ఒక ట్రస్టు నడిపే కేంద్రంలో పనిచేసేది. అక్కడికి ఒక ఆడమనిషి వారం వారం వస్తుండేది. కొన్నాళ్లకు ఆమె బావగారు ట్రస్టు పెద్దసారు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ఎరిగినవాళ్లే. మా మరదలు లోపల ఏం చెప్తోంది, ఇంటి పరువు సంగతి కదా, కొంచెం కనుక్కోండి అన్నాడు. పెద్దసారు మా చెల్లెను పిలిచి అడిగాడు. ఆమె సంగతి ఆమెనే అడగండి సార్ అని ఈ పిల్ల బయటికి వచ్చేసింది. మళ్లీ పిలిచాడు, మళ్లీ అదే జవాబు. జీతం మేమిస్తుంటే మాకు చెప్పవా అని ఆయనకు మండింది. సరిగ్గా అప్పుడే మా వృత్తికి కొత్త చట్టం వస్తోందని, దాని ముసాయిదా తయారవుతోందని అందరికీ తెలుసు.

"చట్టం రానీ. చెప్పాలో వద్దో అందులోనే ఉంటది. అప్పటిదాకా ఇంట్ల కూసో" అని ఆయన పంపించేశాడు.

ఆ ఆడమనిషి రెండుసార్లు వచ్చి, మా చెల్లె లేదని విని, ఇంకొకరి దగ్గర కూర్చోనని వెనక్కి పోయిందట. చెల్లె ఆ మాట చెప్పినప్పుడు నేనే ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు.

"ఇంతకు ఆమె ఏం చెప్పిందే?" అని నోరు జారి అడిగాను. ఉద్యోగంలో తల నెరిసినా ఆరాటం పోలేదు.

చెల్లె నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుతోనే సరిపెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం శాఖ సమావేశం. మైకు సారు ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో దూద్‌పేడాల డబ్బా పట్టుకుని దిగాడు. ముసాయిదా ఆయన ఫోనుకు వచ్చింది. మైకు అందుకుని, గొంతు సవరించుకుని, ఒక వాక్యం మరాఠీలో చదివాడు. "సంస్థాప్రముఖ్ గోపనీయతేచీ మర్యాదా ఠరవతీల్!" ఆ వెంటనే తెలుగులోకి దిగాడు.

"ఇన్నరా? సంస్థ పెద్దలే మన గోప్యతకు మర్యాద ఖాయం చెయ్యాలట! ఇగ మన చెల్లెను ఎవ్వడు ఏమంటడో చూస్త! కానూన్లనే మర్యాద అని రాసిన్రు!"

చప్పట్లే చప్పట్లు. నేనైతే కుర్చీ మీంచి లేచి కొట్టాను. ఎవరెవరి నోట్లో ఎవరు పేడా పెట్టారో తెలియదు. మా గోప్యతకు సర్కారు మర్యాద ఇస్తోందంటే మాకు కళ్లనీళ్లు తిరిగాయి. గుర్తింపు లేని ఉద్యోగాలు చేసినవాళ్లకు ఆ మాట ఎంత తీపో మీరు ఊహించుకోగలరు.

చెల్లె ఆలస్యంగా వచ్చింది. నేను దాని నోట్లో ఒక పేడా కుక్కి, ఫోను చేతికిచ్చి, చదువు చదువు అన్నాను. నములుతూనే చదివింది. నమలడం ఆగిపోయింది.

"సార్, ఇది ఏ మర్యాద? తెలుగుదా, మరాఠీదా?"

"మర్యాదకు భాష ఏందమ్మా?" అని సారు మైకులోనే నవ్వాడు.

"ఉంటది సార్. మరాఠీల మర్యాదా అంటే హద్దు. మన గోప్యతకు హద్దు యాడుందో మా పెద్దసారు ఠరాయిస్తడు అని రాసి ఉన్నది. ఆయన చెప్పుమంటే నేను చెప్పాలె."

మేమందరం బస్సులో, బండి మీద రోజూ తిరిగేవాళ్లమే. రోడ్డు పక్కన 'వేగ మర్యాదా' అని రాసిన పలకలు చూడని రోజు లేదు. వేగానికి మర్యాద ఇవ్వమంటున్నారని మాలో ఎవరమూ ఎన్నడూ అనుకోలేదు. కానీ సారు తెలుగులో చెప్తుంటే మా చెవులు కూడా తెలుగు చెవులైపోయాయి. మనం కోరుకున్న మాట కనపడితే ఇంక ఏ భాషని అడుగుతాం? సారు మైకు కింద పెట్టాడు. ఆయన తనంతట తాను మైకు కింద పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి ఆయనే తేరుకుని, "మిఠాయి నేనే పంచిన. నాగ్‌పూర్ కూడా నేనే పోత" అన్నాడు. చలికాలంలో శాసనసభ నాగ్‌పూర్‌లో కూర్చుంటుంది, మనకు రైలు దూరం. ఈ ముసాయిదాను చూస్తున్న శాసనసభ్యుల బృందం అక్కడే ఉంటుంది. అక్కడ వాక్యం మారితే మారినట్టు, లేకపోతే మా చెల్లె ఇంట్లో కూర్చోవడమే.

పిల్లలూ, చట్టం మార్పించడమంటే పెద్ద పెద్ద మాటలు అనుకుంటారేమో. దానిలో ముప్పాతిక భాగం ఎదురుచూడటమే. ఎమ్మెల్యేల పీఏలకు ఫోన్లు, ఎత్తకపోతే మళ్లీ ఫోన్లు, ఎత్తితే రేపు చేయండి అనడం. నేను ఒక పీఏ ఇంటి ముందు అంత సేపు నిలబడేసరికి వాళ్ల అమ్మ బయటికి వచ్చి నాకు తన మోకాళ్ల నొప్పులన్నీ చెప్పుకుంది. అలా తిరుగుతుండగా, కోఠారిలో ఏదో ప్రారంభోత్సవానికి ఒక ఎమ్మెల్యే వస్తున్నాడని తెలిసింది. ముగ్గురం పోయాం. జనం, దండలు, డప్పులు. ఆయన దగ్గరికి చీమ కూడా పోలేదు. ఇంతలో పక్కన చూస్తే మైకు సారు లేడు.

ఎక్కడున్నాడు? వేదిక మీద! వందన సమర్పణ చేసే మనిషి మైకు పట్టుకుని తడబడుతుంటే, ఈయన ఎంతో వినయంగా అందుకుని వందనం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వందనంలోనే మా సంగతి కలిపేశాడు. మీ ఊళ్లో ఆడబిడ్డ తన బాధ చెప్పుకునే చోటు ఒకటుంది, దాని తలుపు తాళంచెవి ఇంకొకరి చేతిలో పెడుతున్నారు అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి గుసగుస లేచింది. అంత జనంలో ఎమ్మెల్యే ఏమనగలడు? నాగ్‌పూర్‌లో మీకు సమయం ఇప్పిస్తాను అని అదే మైకులో చెప్పాడు. నేను ఆనందం పట్టలేక పక్కన ఉన్న ముక్కూ మొహం తెలియని ఆమెను కావలించుకున్నాను.

నాగ్‌పూర్ రైలు ఎక్కిన పొద్దున చలి కొరుకుతోంది, నాకు మాత్రం చెమటలు. వరోరా దాటేదాకా సారు తన ఉపన్యాసం అప్పజెప్తూనే ఉన్నాడు. పెట్టెలో పత్తి బేరానికి పోయే రైతులు కూడా వినడం మొదలుపెట్టారు. చెల్లె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏం మాట్లాడుతవే నువ్వు?" అని అడిగాను.

"అడిగిందానికి జవాబు చెప్త అక్కా."

"గంతేనా?"

"గంతే."

అక్కడ సభ జరిగే రోజుల్లో నాగ్‌పూర్ నాగ్‌పూర్‌లా ఉండదు. ఎటు చూసినా జెండాలు, మోర్చాలు, నినాదాలు, పోలీసులు, సంత్రాల బండ్లు. రాష్ట్రంలో కష్టం ఉన్న ప్రతివాడూ ఆ వీధుల్లోనే ఉన్నట్టుంది. నాకు జాతరకు పోయినంత ఉత్సాహం వచ్చింది. మాతో సంబంధం లేని ఒక నినాదాన్ని కూడా నేను గొంతెత్తి అన్నాను, చెల్లె నా కొంగు పట్టి లాగింది. పాసులు, తనిఖీలు, నిరీక్షణ. చివరికి ఒక గదిలోకి పిలిచారు.

పొడవాటి బల్ల. అవతల కొందరు శాసనసభ్యులు. మధ్యలో అందరూ 'తాయి', అంటే అక్కా అని పిలుస్తున్న ఒక పెద్దావిడ. ఆవిడ పక్కన చేతి గడియారం చూసుకుంటున్న ఒక ముసలాయన. మాటలన్నీ మరాఠీలో జరిగాయి, మీకు తెలుగులో చెప్తున్నాను.

సారు లేచాడు. ఇక ఉపన్యాసం మొదలవుతుందని నేను కళ్లు మూసుకున్నాను. కానీ ఆయన అంత కష్టపడి కట్టిన ఉపన్యాసం వదిలేశాడు. "అయ్యా, నేను ఈ వాక్యానికి మిఠాయి పంచినవాణ్ణి" అన్నాడు. తెలుగులో మర్యాద అంటే గౌరవమని, అలా చదువుకుని పొంగిపోయామని, ఈ పిల్ల వచ్చి హద్దు అని చెప్పాక నోట్లో తీపి విషమైందని చెప్పాడు. బల్ల అవతల నవ్వులు. గడియారం ముసలాయన కూడా నవ్వాడు. తాయి మాత్రం నవ్వి ఊరుకోలేదు, ఆ వాక్యం తీసి మళ్లీ చదువుకుంది. ఒక ఆడమనిషి సంగతి బయటపెట్టనందుకే ఈ పిల్లను ఇంట్లో కూర్చోబెట్టారని సారు చెప్పాక, చెల్లె వైపు తిరిగింది.

"నువ్వేనా ఇంట్లో కూర్చున్న అమ్మాయివి? ఇంతకూ ఆ మహిళ నీకేం చెప్పింది?"

"పేరు లేకుండా చెప్పమ్మా" అని సారు గొణిగాడు. చెప్తే వాళ్ల మనసు కరుగుతుంది, వాక్యం మారుతుంది, ఉద్యోగం దక్కుతుంది. అంత తేలిక. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నేను కూడా చెప్పమనే కోరుకున్నాను.

"అది చెప్పలేను తాయి" అంది చెల్లె.

"ఇక్కడ కూడానా?"

"ఇక్కడ కూడా."

గడియారం ముసలాయనకు కోపం వచ్చింది. "ఇంత దూరం వచ్చి అసలు సంగతి చెప్పకపోతే, మేం దేన్ని చూసి చట్టం మార్చాలి? మరి ఎప్పుడు చెప్తారు మీరు? ఇంట్లో ఎవరైనా చచ్చిపోతున్నా ఇలాగే కూర్చుంటారా?"

ఇక నా వల్ల కాలేదు. లేచాను. మొదలుపెట్టింది మరాఠీలోనే, కానీ ఆవేశంలో ఎప్పుడు దాటానో దాటాను, అచ్చ తెలుగులోకి పడ్డాను.

"గట్లెట్ల కూసుంటం సార్! పాణం మీదికొస్తే చెప్తం. పసిపిల్లకు చెడు జరుగుతుంటే చెప్తం. కోర్టు అడిగితే చెప్తం. అదే హద్దు. ఆ హద్దు మేం కూడా కావాలంటున్నం! గాని ఆ హద్దు కానూన్ల రాసి ఉండాలె, జీతమిచ్చేటాయన జేబుల కాదు. మిగిలిందంత ఆమెది. ఆమె చెప్పుమంటేనే మేం చెప్పాలె!"

ఆయన అయోమయంగా చూశాడు. చెల్లె లేచి నిలబడి, నేను అన్నదంతా ఒక్క మాట పోకుండా మరాఠీలో చెప్పింది. నేను అరిచింది ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. నా మాటల్లో అంత బలం ఉందని నాకు అప్పుడే తెలిసింది. చెప్పడం అయ్యాక ఆ పిల్ల తనది ఒకటి కలిపింది.

"ఈరోజు ఇంత మంది పెద్దల ముందు నేను చెప్తే, రేపు ఆమె ఎవరికి చెప్పుకుంటుంది సార్?"

ముసలాయన గడియారం మీద నుంచి చేయి తీసేశాడు. తాయి మా వైపు చూసి, "మీ అక్క అరిచిందంతా బయట కూర్చుని మరాఠీలో రాసివ్వండి. అరుపు తీసేసి" అంది.

వసారాలో నేల మీద కూర్చున్నాం. సారు గ్రాంథికంగా చెప్తూ పోతే చెల్లె కొట్టేస్తూ పోయింది. చివరికి నాలుగు పంక్తులు మిగిలాయి. అందులో 'సంస్థాప్రముఖ్' అన్న మాటే లేదు. ఇచ్చి బయటికి వచ్చాక మాకు ఏమీ తోచలేదు. గెలిచామో ఓడామో తెలియదు. ఒక బండి దగ్గర సంత్రాలు కొని, రోడ్డు పక్కన నిలబడే తిన్నాం. సారు ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు, నేనూ నవ్వాను, చెల్లె కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నామో అడిగితే ముగ్గురిలో ఎవరమూ చెప్పలేం.

చంద్రపూర్ ఎండలు ముదిరే రోజుల్లో కబురు వచ్చింది. ఆ బృందం ముసాయిదాలో వాక్యం మార్చింది. మా నాలుగు పంక్తులు దాదాపు అలాగే ఉన్నాయి. ఆ చట్టం పూర్తిగా రావడానికి ఇంకా ఎన్ని మెట్లున్నాయో నాకు తెలుసు, వాటి కోసం ఇప్పుడు మీరు తిరగాలి. కానీ మా చెల్లెకు ఆ కబురే చాలింది. చట్టం చెప్పినట్టు నడుస్తానని నోటితో అన్న పెద్దసారు ఇక ఏం చేస్తాడు? రేపటి నుంచి వచ్చెయ్యి అని ఫోన్ చేశాడు. చెల్లె ఆ మాట నాకు చెప్తుంటే నేను ఫోన్‌లోనే ఈల వేశాను. ఈ వయసులో ఈల ఏందని మా ఆయన వంటింట్లోంచి కేక వేశాడు.

ఆ రోజు నేను కూడా చెల్లె వెంట పోయాను. పెద్దసారు ముఖం చూడాలని నా దుర్బుద్ధి. ఆయన తెలివైనవాడు, సెలవు పెట్టాడు. గదిలో దుమ్ము దులుపుతూ, నాగ్‌పూర్ ముచ్చట్లు మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటున్నాం. గడియారం ముసలాయన లాగా నేను చేసి చూపిస్తుంటే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అప్పుడు వాకిట్లో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. నడివయసు, ఆకుపచ్చ గాజులు, చేతిలో సంచి. చెల్లెను చూసి చెప్పులు విడిచింది. ఎవరో నాకు చెప్పనక్కర్లేదు. ఈమె కోసమే కదా మేం అంత దూరం పోయింది! దగ్గరికి పోయి చేతులు పట్టుకోవాలనిపించింది, అమ్మా నీ కోసం నేను శాసనసభ్యుల ముందు అరిచాను అని చెప్పాలనిపించింది.

చెల్లె నా మోచేయి మీద చేయి వేసింది.

"అక్కా, జర బయట కూసో."

"నేనా?"

"నువ్వే."

బయటికి వచ్చాను. వెనక తలుపు పడింది, లోపల గడియ పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి లోపల ఆమె గొంతు మొదలైంది, సన్నగా, ఆగి ఆగి. ఇంకొంచెం ఉంటే మాటలు తెలిసేవి.

నేను లేచి, వసారా ఆ చివరకు పోయి కూర్చున్నాను.